బట్ట బతికినంత కాలం బతకాల్సిన లేబుల్

అందరికీ నమస్కారం.

ఈ గదిలో చేనేత సహకార సంఘాల పెద్దలు ఉన్నారు. ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న పిల్లలు ఉన్నారు. సొంత పేరు పెట్టుకుని కుర్తాలు, చొక్కాలు, పసిపిల్లల బట్టలు కుట్టించి అమ్మడం ఈమధ్యే మొదలుపెట్టినవారూ ఉన్నారు. మీ అందరికీ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమని నిర్వాహకులు అడిగారు. నా వృత్తి లేబుళ్లు అచ్చువేయడం. అందులోనూ నూలు పట్టీ మీద వేసే అచ్చు లేబుళ్లంటే నాకు ప్రత్యేకమైన మమకారం. వాటిని ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాను.

నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఫోనులో లోగో చూపించి, "దీన్ని కాటన్ మీద వేసివ్వండి" అంటారు. లోగో సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ బట్ట చూపించండి అంటాను. కొందరు ఆశ్చర్యపోతారు. లేబుల్‌కూ బట్టకూ సంబంధం ఏమిటన్నది వారి సందేహం. సంబంధమంతా అక్కడే ఉంది. దుకాణంలో వేలాడే అట్ట ట్యాగును కొన్నరోజే కత్తిరించి పారేస్తారు. సంచీ ఏదో పనికి వాడేస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో మీ పేరు మిగిలేది మెడ వెనుక కుట్టిన ఆ చిన్న ముక్క మీదే. మంచి చేనేత చొక్కాను మనవాళ్లు ఏళ్ల తరబడి తొడుక్కుంటారు. అన్నేళ్లూ ఆ ముక్క కూడా నానుతుంది, ఎండుతుంది, ఇస్త్రీ కింద పడుతుంది, మెడ చెమట పీలుస్తుంది. చొక్కా నిక్షేపంగా ఉండగానే లేబుల్ వెలిసిపోతే మీ పేరు తుడిచిపెట్టుకుపోయినట్టే. లేబుల్ గట్టిగా నిలబడి, దాని మూలంగా చొక్కా మెడ పాడైతే అంతకన్నా అన్యాయం. ఈ రెండూ జరగకుండా చూసుకున్నాకే అందం గురించి ఆలోచించాలి.

మొదట నూలు లేబుల్ ఎవరికి కావాలో తేల్చుకుందాం. మార్కెట్లో నేత లేబుళ్లు ఉన్నాయి, వాటిలో అక్షరాలు నేతలోనే వచ్చేస్తాయి కాబట్టి చెరిగిపోవు. కానీ ఎక్కువగా అవి పాలిస్టర్ దారంతో నేసినవే. మెరిసే సాటిన్ పట్టీ మీద అచ్చువేసిన వాష్‌కేర్ లేబుళ్లు ఉన్నాయి. బనియన్లకు, టీషర్టులకు మెడ లోపల వేడితో నేరుగా అంటించే అచ్చులు ఉన్నాయి. వేటి చోటు వాటికి ఉంది. ఆటల దుస్తులకు, ఈత దుస్తులకు నూలు లేబుల్ వద్దని నేనే చెబుతాను. ఒళ్లంతా ఆరిపోయినా ఆ ముక్క మాత్రం తడిగా ఉండి చిరాకు పెడుతుంది. నూలు చొక్కా, ఖాదీ కుర్తా, నారబట్ట, సహజ రంగుల బట్ట, పసివాళ్ల జుబ్బా, వీటికి నూలు లేబుల్ చక్కగా అమరుతుంది. బట్టా లేబులూ ఒకే జాతి. ఒకేలా తడుస్తాయి, ఒకేలా ఆరతాయి, ఒకే వేడికి ఇస్త్రీ అవుతాయి.

ఇక పట్టీ దగ్గరకు వద్దాం. నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే, ఎందుకంటే కొనేవారు తక్కువ శ్రద్ధ పెట్టేది దీని మీదే. కాటన్ టేపు అనగానే ఒక్కటే రకం అనుకోకండి. సాదా నేత పట్టీ ఉంటుంది, ఏటవాలు గీతలు కనిపించే ట్విల్ ఉంటుంది, చేపముల్లులా అటూ ఇటూ వాలిన గీతల హెరింగ్‌బోన్ ఉంటుంది, ముతక కాన్వాసు ఉంటుంది. ఫొటోల్లో హెరింగ్‌బోన్ చాలా అందంగా కనిపిస్తుంది. అందుకే అందరూ అదే అడుగుతారు. కానీ ఆ గీతల మధ్య పల్లాలు ఉంటాయి. పెద్ద అక్షరం ఆ పల్లాలను దాటేస్తుంది, చిన్న అక్షరం వాటిలో పడి విరిగిపోతుంది. బ్రాండు పేరు ఒక్కటే పెద్దగా వేస్తే హెరింగ్‌బోన్ తీసుకోండి. చిన్న అక్షరాలు, సన్నని గీతల బొమ్మ ఉంటే సన్న నూలుతో దగ్గరగా నేసిన సాదా పట్టీయే మంచిది.

తర్వాత చూడాల్సింది అంచు. కొన్ని పట్టీలను మగ్గం మీదే ఆ వెడల్పుకు నేస్తారు. రెండు వైపులా అల్లిన అంచు ఉంటుంది, పోగు ఊడదు. కొన్నింటిని వెడల్పాటి బట్టలోంచి చీల్చి తీస్తారు. అవి చవక. పాలిస్టర్ పట్టీని వేడి కత్తితో కోస్తే అంచు కరిగి మూసుకుంటుంది. పోగు రాదు కానీ ఆ కరిగిన అంచే మెడకు గీసుకుంటుంది. నూలు కరగదు. కోసినచోట పోగు ఊడి తీరుతుంది. ఆ పోగులు ఆగడానికి చీల్చిన పట్టీకి గంజి లాంటి పూత పట్టిస్తారు. చేతిలోకి తీసుకున్నప్పుడు కరకరలాడుతూ, కొత్త నోటులా నిటారుగా ఉండి, నాణ్యమైన సరకే అనిపిస్తుంది. రెండు ఉతుకుల్లో ఆ పూత పోతుంది, అంచంతా పీచుపీచుగా లేస్తుంది. అందుకే నమూనా చేతికి రాగానే మురిసిపోకండి. ముందు దాన్ని గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి, ఆరనివ్వండి. ఆరిన తర్వాత కనిపించే అంచు, చేతికి తగిలే మెత్తదనం, అవే దాని అసలు గుణాలు.

కోరా రంగు పట్టీ ఇప్పుడు బాగా నడుస్తోంది. తెల్లబరచని నూలు, లేత గోధుమ ఛాయ, అక్కడక్కడా పత్తిగింజ పొట్టు నలుసులు. నాకూ ఆ రంగు ఇష్టమే. కానీ అందులో ఒక చిక్కు ఉంది. పచ్చి నూలుకు సహజంగా మైనం లాంటి పొర ఉంటుంది. ఉడికించి శుభ్రం చేస్తేనే అది పోతుంది. ఆ పని చేయని పట్టీ నీటిని పీల్చదు. నీటిని పీల్చనిది సిరానూ పీల్చదు. అచ్చు పైపైన నిలబడి, తర్వాత పొరలుగా రాలిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పట్టీని బల్ల మీద పరిచి ఒక నీటి చుక్క వేయండి. చుక్క వెంటనే పరుచుకుని ఇంకిపోతే శుభ్రం చేసిన పట్టీ. ముత్యంలా గుండ్రంగా నిలబడితే, ఆ పట్టీని ఉడికించి ఇమ్మని అడగండి, లేదా వేరే పట్టీ చూసుకోండి. ఉడికించినంత మాత్రాన కోరా ఛాయ పోదు. తెల్లబరచడం వేరు, శుభ్రం చేయడం వేరు. రంగు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరో అనుమానం కూడా తీర్చుకోండి. కాటన్ అని ఇచ్చిన పట్టీలో సగం పాలిస్టర్ కలిసి ఉండవచ్చు. ఒక పోగు లాగి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి, వేలితో తాకితే పొడయ్యే బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి ముద్దయి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డం) పోగు ఒకటి, రెండూ విడివిడిగా కాల్చి చూడాలి. ఒకటి నూలు, ఒకటి పాలిస్టర్ పెట్టి నేసే పట్టీలు కూడా ఉంటాయి.

ఇప్పుడు చేనేత సంఘాలవారు ప్రత్యేకంగా వినాల్సిన మాట. నూలు బట్ట ఉతికితే కుదించుకుపోతుంది. లేబుల్ కూడా నూలే కాబట్టి అదీ కుదించుకుపోతుంది. రెండూ ఒకే మేరకు కుదించుకుపోతే ఏ బాధా లేదు. కానీ అలా జరగడం అరుదు. ముందే తడిపి ఆరబెట్టిన బట్ట మీద తడపని లేబుల్‌ను నాలుగు వైపులా కుట్టారనుకోండి. మొదటి ఉతుకులోనే లేబుల్ లాక్కుని, మెడ వెనుక బట్టంతా ముడతలు పడుతుంది. తడపని చేనేత బట్ట మీద తడిపిన లేబుల్ కుడితే దీనికి ఎదురు జరుగుతుంది. బట్ట దగ్గరకు జరిగి, లేబుల్ బుడగలా ఉబ్బి నిలబడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా అణగదు.

కొలిచి చూడటం తేలిక. పట్టీ మీద సరిగ్గా 100 మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు పెన్సిల్‌తో కాకుండా దారంతో కుట్టి గుర్తు పెట్టండి. మీ బట్ట మీద కూడా అదే చేయండి. రెండింటినీ కలిపి మీ కొనుగోలుదారు ఉతికినట్టే మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. రెండింటి మధ్య తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లలోపు ఉంటే నాలుగు వైపులా కుట్టుకోవచ్చు. అంతకు మించితే మధ్యకు మడిచిన లేబుల్ వాడండి. పట్టీని రెండుగా మడిచి, రెండు కొసలనూ మెడ కుట్టులోకి దూర్చి, మడతను కిందకు వేలాడేలా వదిలేస్తారే, అది. అది ఒక్క కుట్టుకే వేలాడుతుంది కాబట్టి తాను ఎంత కుదించుకుపోయినా బట్టను లాగదు. తడపని చేనేత బట్టతో కుట్టేవారందరికీ నేను ఈ మడతే సూచిస్తాను. అందులో ఇంకో మేలు కూడా ఉంది. పోగు ఊడే కోసిన కొసలు రెండూ కుట్టు లోపల దాగిపోతాయి. రెండు కొసలూ వెనక్కి మడిచి కుట్టే రకం ఎంచుకుంటే, మడతకు రెండు వైపులా ఆరేడు మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. ఆ జాగా వదలకుండా లోగోను కొస దాకా వేయించుకుని, కుట్టేటప్పుడు మొదటి అక్షరం సగం మడతలోకి పోయిన లేబుళ్లు ఎన్నో చూశాను. కొలతలు రాసేటప్పుడు మడిచిన తర్వాత ఎంత, మడవకముందు ఎంత, రెండూ రాసివ్వండి.

రంగు దిగడం గురించి చెబితే చాలామంది లేబుల్ రంగు బట్టకు అంటుతుందనే ఆలోచిస్తారు. నల్లటి పట్టీ మీద తెల్ల అక్షరాలు వేయించి, గోధుమ రంగు చొక్కాకు కుట్టినప్పుడు అలా జరగవచ్చు. తడిపిన లేబుల్‌ను రెండు తెల్ల నూలు గుడ్డల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సంగతి తెలిసిపోతుంది. కానీ దీనికి ఎదురుగా జరిగేది కూడా ఉంది. నీలిమందు అద్దిన బట్ట మొదటి కొన్ని ఉతుకుల్లో రంగు వదులుతుంది. పొడిగా ఉన్నప్పుడు రుద్దినా వదులుతుంది. దానికి కుట్టిన కోరా లేబుల్ నెల తిరిగేసరికి నీలంగా మారి, అక్షరాలు మసకబారిపోతాయి. నీలి చొక్కాలు చేసేవారు కుట్టిన తర్వాత ఒకసారి ఉతికి అమ్మడం మంచిది. కుదరకపోతే ముదురు పట్టీ తీసుకోండి.

సిరా విషయం. అచ్చువేసేవారిని మీరు అడగాల్సిన ప్రశ్న, "ఏ సిరా? ఎంత వేడిలో పండిస్తారు?" అని. పిగ్మెంట్ సిరా అంటే రంగు పొడిని ఒక జిగురుతో కలిపినది. ఆ జిగురు నూలును పట్టుకోవాలంటే అచ్చువేసిన తర్వాత దాదాపు 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని నిమిషాలు ఉంచాలి. గడువు ఒత్తిడిలో ఈ పనిని తగ్గించేస్తారు. కళ్లకు ఏ తేడా కనిపించదు. అక్షరం నల్లగా, పదునుగా ఉంటుంది. పదో ఉతుకుకు బూడిద రంగులోకి దిగుతుంది. మరోవైపు ప్లాస్టిసాల్ అనే సిరా ఉంది. టీషర్టుల మీద మందంగా, రబ్బరులా తగిలే బొమ్మలు దానితో వేసినవే. అది పీవీసీ కలిసిన సిరా. వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. నూలు చొక్కా ఇస్త్రీకి మూడు చుక్కల గుర్తు వేస్తారు, అంటే 200 డిగ్రీల దాకా వేడి పెట్టవచ్చని అనుమతి. ఆ వేడి పెట్టె ప్లాస్టిసాల్ అక్షరం మీద పడితే అది ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది, అక్కడి నుంచి చొక్కా ముందు భాగానికి మరకగా వస్తుంది. నూలు లేబుల్ మీద ప్లాస్టిసాల్ వేయకూడదని నేను గట్టిగా చెబుతాను. బంగారు, వెండి మెరుపు సిరాలు కూడా నూలు మీద నిలవవు. ఒకే రంగు, ముదురు రంగు, పిగ్మెంట్ సిరా, సరైన వేడి. ఇవి ఉంటే ఆ లేబుల్ చొక్కాతో పాటు చివరిదాకా వస్తుంది.

నలుపు పట్టీ మీద తెలుపు వేయించుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. తెల్ల సిరా కప్పాలంటే మందంగా వేయాలి. మందం పెరిగితే మెడకు గరుకుగా తగులుతుంది. పసిపిల్లల బట్టలకు అది పనికిరాదు. అసలు పసివాళ్ల జుబ్బాలకు మెడ వెనుక ఏదీ కుట్టవద్దు. పక్క కుట్టులో, నడుము కింద, బయటివైపు తిరిగేలా చిన్న మడత లేబుల్ పెట్టండి. పేరు కనిపిస్తుంది, ఒంటికి తగలదు.

యూరప్‌కు బట్టలు పంపాలనుకునేవారు రంగుల విషయంలో ఇంకా జాగ్రత్తపడాలి. ఆజో అనే కృత్రిమ రంగుల్లో కొన్ని విడిపోయినప్పుడు ఆరోమాటిక్ అమీన్లు అనే 22 రకాల హానికర రసాయనాలు పుట్టవచ్చు. ఒంటికి తగిలే బట్టలో అవి కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని అక్కడి నిబంధన. మన దేశం కూడా 1990లలోనే అలాంటి రంగులను నిషేధించింది. బట్టకు పరీక్ష చేయించి, లేబుల్‌ను మరిచిపోతారు. లేబుల్ కూడా బట్టలో భాగమే.

తెలుగు అక్షరాల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. తెలుగులో పేరు పెట్టుకుంటున్న కొత్త బ్రాండ్లు పెరుగుతున్నాయి, చాలా సంతోషం. కానీ లేబుల్‌ను ఇంగ్లీషు అక్షరాల కొలతలతో గీస్తున్నారు. నూలు మీద సిరా పోగుల వెంట కొద్దిగా పాకుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు దానితో పెద్ద నష్టం లేదు. మన 'ర' లోపల చుక్క పెడితే 'ఠ' అవుతుంది. 'ద'కు కింద చిన్న గీత తగిలిస్తే 'ధ', దాని కడుపులో చుక్క కూడా పెడితే 'థ'. సిరా పాకి ఆ చుక్కలూ గీతలూ కలిసిపోతే మీ పేరు ఇంకో పేరయిపోతుంది. ఒత్తులు మరీ కష్టం. 'వస్త్రం' అని రాస్తే స కింద త, దానికి ర. 'లక్ష్మి' కూడా అంతే. పై గుడి నుంచి కింది ఒత్తు దాకా ఆ ఎత్తంతా 15 మిల్లీమీటర్ల పట్టీలో ఇరికిస్తే అక్షరం నలిగిపోతుంది. తెలుగు పేరుకు పట్టీ 20 లేదా 25 మిల్లీమీటర్ల వెడల్పు తీసుకోండి. చిన్న అక్షరాలు ఎంత చిన్నవైనా 9 పాయింట్లకు తగ్గించవద్దు. ఖతి (ఫాంటు) ఎంచుకునేటప్పుడు సన్నగీత, మందగీత తేడా ఎక్కువ ఉన్నవి పక్కన పెట్టండి, ఆ సన్నగీతే మొదట మాయమవుతుంది. మండలి లాంటి సమానమైన గీత, విప్పారిన గుండ్రాలు ఉన్న ఖతులు నూలు మీద చక్కగా వస్తాయి. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూడటం మానేసి, అసలు కొలతలో కాగితం మీద అచ్చు తీసి, చేయి చాచి పట్టుకుని చదవండి. ఇంట్లో పెద్దవారి చేత కూడా చదివించండి.

ఇక లేబుల్ మీద ఏం రాయాలి? ఈ ప్రశ్న దగ్గర కొంచెం వెనక్కి వెళ్లాలి. మన తీరం నుంచి వెళ్లిన బట్ట మీద ముద్ర వేయడం పాత సంగతి. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం లాంటి కోరమాండల్ రేవుల నుంచి తూర్పు దీవులకు అద్దకం బట్టలు పంపేది. ఇండొనేషియా కుటుంబాలు తరతరాలుగా దాచుకున్న భారతీయ వస్త్రాలు నేడు మ్యూజియాలలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద ఆ కంపెనీ పేరులోని వీఓసీ అక్షరాల ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత మాంచెస్టర్ మిల్లు బట్ట మన సంతల్లోకి దిగినప్పుడు, తానుల మీద రంగురంగుల కాగితపు బొమ్మలు అంటించి పంపేవారు. దేవతల బొమ్మలు, ఏనుగులు, పులులు. చదువురాని కొనుగోలుదారు ఆ బొమ్మను బట్టే సరకును గుర్తుపట్టేవాడు. ఈ ముద్రలన్నీ వ్యాపారి ఎవరో చెప్పాయి. నేసినవారు ఎవరో, అద్దినవారు ఎవరో ఒక్కటీ చెప్పలేదు. మీకు ఇప్పుడు ఆ అవకాశం ఉంది. మీ పేరు కింద ఒక చిన్న వరుస, ఏ ఊరి మగ్గం మీద నేశారో, ఏ సంఘం నేసిందో రాయండి. బ్రాండు పేరు చిన్నదైపోతుందని భయపడకండి. ఆ వరుస లేని చేనేత లేబుల్‌ను నేను అసంపూర్ణం అంటాను.

అయితే రాసే ప్రతి మాటా నిజమై ఉండాలి, రాసే హక్కు కూడా ఉండాలి. పోచంపల్లి ఇక్కత్, ఉప్పాడ జాందానీ, మచిలీపట్నం కలంకారీ లాంటి పేర్లు ఒక ప్రాంతపు సరకు పేరును కాపాడే 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద నమోదైనవి. వాటిని సరకు పేరుగా వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు ఉండాలి. మీకు బట్ట ఇచ్చే సంఘానికి ఆ నమోదు ఉందో లేదో అడిగి కాగితం తీసుకోండి. మిల్లులో ఇక్కత్ డిజైన్ అచ్చువేసిన బట్టకు పోచంపల్లి అని రాయడం నేతగాడి నోటి దగ్గర కూడు లాక్కోవడమే. అలాంటి లేబుల్ అచ్చువేయమని అడిగితే నేను వేయను. ఖాదీ అనే మాట కూడా ఎవరికి వారు వాడుకునేది కాదు, 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనలు ఉన్నాయి. చేనేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, దరఖాస్తు చేసుకుని తీసుకోవాలి. ఆర్గానిక్ కాటన్‌కు సంబంధించిన గాట్స్ ముద్ర కూడా ధ్రువీకరణ ఉన్నవారికే. పత్తి రైతు ఆర్గానిక్‌గా పండించినంత మాత్రాన మీ చొక్కాకు ఆ ముద్ర రాదు, నూలు మిల్లు నుంచి కుట్టు దాకా గొలుసంతా ధ్రువీకరణలో ఉండాలి.

పేరు పక్కన వలయంలో ఆర్ అక్షరం వేయమని అడిగేవారు కొందరుంటారు. ట్రేడ్‌మార్క్ నమోదు పూర్తయితేనే ఆ గుర్తు వేయాలి. నమోదు కాకుండా వేయడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలోని 107వ సెక్షన్ ప్రకారం జరిమానా పడే తప్పు. టీఎం అని వేసుకోవడానికి అభ్యంతరం లేదు. అసలు అచ్చుకు ఇచ్చే ముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో, దుస్తులకు సంబంధించిన 25వ తరగతిలో, మీ పేరు ఇప్పటికే ఎవరిదైనా అయి ఉందేమో వెతకండి. ఆ వెతుకులాట ఉచితం. అయిదు వేల లేబుళ్లు వేయించుకున్న తర్వాత పేరు మార్చుకోవాల్సి వస్తే ఏడవడమే మిగులుతుంది.

ఉతికే విధానం గుర్తుల గురించి క్లుప్తంగా. తొట్టి ఉతకడానికి, త్రిభుజం బ్లీచింగ్‌కు, చతురస్రం ఆరబెట్టడానికి, ఇస్త్రీ పెట్టె ఇస్త్రీకి, వలయం డ్రైక్లీనింగ్‌కు. ఈ గుర్తుల్లో సన్నగీతలు, చుక్కలు ఉంటాయి కాబట్టి వీటిని ముతక పట్టీ మీద వేయవద్దు. పేరు ఒక లేబుల్ మీద, ఉతికే విధానం పక్క కుట్టులో ఇంకో సన్నని సాదా నేత లేబుల్ మీద పెట్టుకోండి. అమెరికాలోని మన తెలుగువారికి ఆన్‌లైన్లో బట్టలు పంపేవారు ఇక్కడ ఎక్కువమందే ఉన్నట్టున్నారు. ఆ దేశంలో అమ్మే దుస్తుల మీద ఏ పీచు ఎంత శాతం ఉందో, తయారైన దేశం, తయారీదారు లేదా అమ్మకందారు గుర్తింపు తప్పనిసరి. మెడ ఉన్న దుస్తులకు దేశం పేరు మెడ వెనుక లోపలివైపు మధ్యలోనే కనిపించాలి. ఉతికే సూచనలు ఆ వస్త్రం వాడుకలో ఉన్నంత కాలం చదవగలిగేలా ఉండాలని అక్కడి నిబంధన స్పష్టంగా చెబుతుంది. యూరప్‌లో 1007/2011 నిబంధన ప్రకారం పీచు వివరం చెరగకుండా, సులభంగా చదవగలిగేలా, అమ్మే దేశపు భాషలో ఉండాలి. మన దేశంలో గరిష్ఠ ధర, చిరునామా, కస్టమర్ కేర్ లాంటి వివరాలను అట్ట ట్యాగు మీద వేసుకోవచ్చు. ధరను మెడ లేబుల్ మీద ఎక్కించకండి.

చీరల సంఘంవారు ఇందాక ఒక చీటీ పంపారు, చీరకు లేబుల్ ఎక్కడ కుట్టాలని. పైట కొంగు దగ్గర వద్దే వద్దు. నడుము దగ్గర దోపే లోపలి చెరగు మూల, కింది అంచుకు రెండు జానలు పైన, సన్నని నూలు దారంతో చేత్తో నాలుగు టాకాలు వేస్తే చాలు. మిషను కుట్టు వేస్తే సన్నని చీరలో సూది రంధ్రాలు నిలిచిపోతాయి. కింది అంచుకు దగ్గరగా కుడితే ఫాల్ వేసే టైలరు కత్తిరించి పారేస్తాడు.

ఇంకొకరు పెడన నుంచి వచ్చారు, కలంకారీ అద్దకంతోనే లేబుల్ చేయవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయవచ్చు. నాకు చాలా నచ్చిన ఆలోచన. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన పట్టీ మీద, ఇనుము తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీటితో టేకు అచ్చు అద్దితే నలుపు పుడుతుంది, నీళ్లకు పోదు. పేరు ఒక్కటే వేయండి, అచ్చులో చిన్న అక్షరాలు నిలవవు. అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కించాలి, చెక్కిన వెంటనే కాగితం మీద ఒకసారి అద్ది చూసుకోండి. ఆ ఇనుము నలుపు బలం ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది, కాబట్టి సన్న పట్టీ కాకుండా కాస్త మందమైన పట్టీ తీసుకోండి. ఒక వాయికీ ఇంకో వాయికీ నలుపు కొద్దిగా మారుతుంది. ఆ మార్పు మీ కొనుగోలుదారుకు నచ్చేలా ఉంటే ముందుకు వెళ్లండి.

చివరిగా ఎన్ని వేయించుకోవాలి అన్నది. లెక్క వేసి చూస్తే అయిదు వేలు వేయిస్తే ఒక్కోటి చవకగా పడుతుంది, అందుకని ఒకేసారి అన్నీ వేయించేస్తారు. మొదటిసారి అలా చేయకండి. అచ్చువేసేవారు ఒప్పుకునే అతి తక్కువ సంఖ్యతో మొదలుపెట్టండి. ఒక్కోటి కొంత ప్రియమైనా ఫర్వాలేదు. సైజు, సంవత్సరం, ఫోను నంబరు, డిజైన్ పేరు వంటి మారేవి ఏవీ ప్రధాన లేబుల్ మీద పెట్టవద్దు, అవి మారిన రోజున మిగిలిన లేబుళ్లన్నీ చెత్తకే. సైజుకు వేలెడంత చిన్న ముక్క విడిగా వేయించుకోండి. మొదటి వంద లేబుళ్లలో పది తీసి మీ ఇంట్లోవాళ్ల బట్టలకు కుట్టండి, మామూలుగా వాడనివ్వండి, రెండు నెలల తర్వాత మెడ తిప్పి చూడండి. అక్షరం నిలిచిందా, అంచు పోగు లేచిందా, ఒంటికి గుచ్చుకుందా అని వాళ్లనే అడగండి. ఆ తర్వాతే పెద్ద ఆర్డరు ఇవ్వండి. నా వంతు చెప్పాను, ఇప్పుడు మీ దగ్గర ఉన్న బట్టలు, లేబుళ్లు తీసుకుని ఒక్కొక్కరే ముందుకు రండి, చూసి మాట్లాడుకుందాం.